ఏడు పాలసీసాలు

సీసాలు ఏడున్నాయి. ఆపరేటరమ్మ వేళ్లతో రెండోసారి లెక్కపెట్టినా ఏడే వచ్చాయి. మూతలు బిగించుకుని, అరమీద వరసగా, పంతులమ్మ ఇంట్లో వస్తువులు ఎలా నిలబడాలో అలాగే నిలబడి ఉన్నాయి. పక్కన మూడు పాలపొడి డబ్బాలు. ఆ పక్కన సీసాలు మరిగించే గిన్నె, వేడినీళ్లలోంచి తీసే పట్టుకారు, లోపల తోమే పొడుగాటి బ్రష్షు.

అది ఆదివారం మధ్యాహ్నం. ఆడపడుచు ఇంట్లో భోజనాలయ్యాయి. ఆవిడ పాతికేళ్లుగా బళ్లో పాఠాలు చెబుతున్న మనిషి; గొంతు విప్పితే పక్కింటి పిల్లలు కూడా పుస్తకాలు తీస్తారు. "కాసేపు నడుం వాల్చు అమ్మాయ్, నెలలు నిండిన మనిషివి" అని ఆజ్ఞ వేసి వంటింట్లోకి వెళ్లింది. ఆపరేటరమ్మ చేతులు కడుక్కుని వస్తూ ఒక గుమ్మం ముందుగానే తిరిగింది. పుట్టినప్పటినుంచీ చూపులేని మనిషికి అడుగుల లెక్కే దారి, ఈ ఇంట్లో గుమ్మాలూ మలుపులూ ఆమెకు కొట్టిన పిండి. అయినా ఇవాళ లెక్క తప్పింది. ఈ గదిలో కాలు పెట్టగానే కొత్త రంగు వాసన, ఉతకని కొత్త బట్టల వాసన గుప్పుమన్నాయి. రెండడుగులు వేసేసరికి మోకాలికి ఏదో తగిలింది. పట్టుకోబోతే చక్రాలమీద అవతలికి జరిగిపోయింది. ఉయ్యాల.

తడుముకుంటూ వెళ్లింది. దోమతెర, మెత్తని పరుపు, పైన వేలాడే గుడ్డబొమ్మలు. ఒక్క బొమ్మా చప్పుడు చెయ్యదు. గోడవారగా స్నానం తొట్టి. బీరువాలో మూడు అరల నిండా గుడ్డలు. ఉయ్యాల ఉన్న చోటికి ఆనించి ఒక పెద్ద మంచం, దాని తలగడకు వదిన రాసుకునే తలనూనె వాసన. తలగడ పక్కన ఆవిడ కళ్లజోడు పెట్టె.

బిడ్డకు ఇన్ని కొన్నారంటే మురిసిపోవాల్సిన మాటే. "మీరేం కొనకండి, నాకొదిలెయ్యండి" అని వదిన ఎనిమిదో నెల రాగానే గట్టిగా చెప్పింది. ఆ మాట పట్టుకునే ఇంతవరకు తమ ఇంట్లో ఒక్క గుడ్డముక్క కూడా చేరలేదు. డాక్టరు చెప్పిన గడువు ఇంక పది రోజులే. నిజానికి ఆపరేటరమ్మ మురవడం మొదలుపెట్టింది కూడా, సీసాలు చేతికి తగిలేదాకా. తల్లి పక్కలో పడుకునే బిడ్డకు ఏడు సీసాలెందుకు? మూడు డబ్బాల పాలపొడి ఎందుకు? ఉయ్యాల పక్కన వదిన మంచమెందుకు?

కడుపులో బిడ్డ కాలు జాడించింది. ఆమె అర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఈ సామానంతా తమ ఇంటికి వస్తుందనుకుంది ఇన్నాళ్లూ. బిడ్డే ఈ సామాను దగ్గరికి రాబోతోందన్నమాట.

"అయ్యో, ఇక్కడున్నావా!" వదిన గుమ్మంలోంచి అంది. "ఎలా ఉన్నాయి? ఇంకా రెండు మూడు తెప్పించాలి."

"బాగున్నాయి వదినా."

టెలిఫోన్ బోర్డు మీద పదకొండేళ్ల ఉద్యోగం. అవతల ఎంతటి కోపిష్టి ఉన్నా గొంతు మారకుండా మాట్లాడటం అలవాటైపోయింది. ఆ అలవాటే ఇప్పుడు ఆమె పరువు కాపాడింది.

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, చేతికర్రలు మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని. ఆమె మొగుడికీ చూపు లేదు. పేము కుర్చీలు అల్లే కార్ఖానాలో పని. వేళ్ల చివర్లు గరుకుగా, గీతలు పడి ఉంటాయి. మామూలుగా బస్సెక్కితే చాలు, డ్రైవరు ఏ మలుపు దగ్గర బ్రేకు ఆలస్యంగా వేశాడో చెబుతూ నవ్విస్తాడు. ఇవాళ నోరు మెదపలేదు.

"మీకు తెలుసు కదూ?" అంది ఆమె.

ఏం తెలుసని అతను అడగలేదు. అడగకపోవడంతోనే సగం జవాబు వచ్చేసింది.

"అక్క రెండు వారాల కింద అడిగింది."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు."

"మీ అక్కతో ఏమీ అనకపోతే ఆవిడ లెక్కలో అది అవునే."

అతను కర్ర పిడిని బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయాడు. రెండు స్టాపులు దాటాక అన్నాడు. "ఎల్లకాలం కాదు. రెండేళ్లే. మాటలొచ్చేదాకా. మాటలొస్తే ఎక్కడుందో, నోట్లో ఏం పెట్టుకుందో అదే చెబుతుంది కదా. మనం రోజూ సాయంత్రం వెళ్లి..."

"చుట్టాల్లాగా."

"నీకు భయం లేదూ?"

"ఎందుకు లేదు? రోజూ భయమే. మొన్న మరిగే నీళ్లు దించుతూ అనుకున్నా, పక్కన బిడ్డ పాకుతుంటే ఎలాగా అని. అప్పట్నుంచి గిన్నె గట్టు మీద లోపలివైపు దించుతున్నా. భయమేస్తే గిన్నె చోటు మారుస్తాం గానీ, బిడ్డ చోటు మారుస్తామా?"

ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగిన చప్పుడైంది. ఆమె గొంతు తగ్గించింది. "రేపట్నుంచి నేనే కొంటాను. మనింటికి కావలసినవి. మీరు అవుననకండి, కాదనకండి. మీకది బాగా అలవాటేగా."

ఆ మాట అతనికి గట్టిగానే తగిలింది. తగలాలనే అంది. అన్నాక ఆమె మనసు చివుక్కుమన్నా వెనక్కి తీసుకోలేదు.

మంగళవారం ఒక పూట సెలవు పెట్టి, ఆఫీసు ఊడ్చే ఆయమ్మను తోడు తీసుకుని బజారుకు బయలుదేరింది. ఆయమ్మ ముగ్గురు పిల్లల తల్లి, నోరున్న మనిషి. పసిపిల్లల సామాన్ల దుకాణంలో అడుగు పెట్టగానే సేల్స్‌మన్ ఎదురొచ్చి, ఆయమ్మ వైపు తిరిగి అడిగాడు. "ఆవిడకేం కావాలంటండీ?"

"కడుపు ఆవిడది. ఆవిడ్నే అడుగు నాయనా," అంది ఆయమ్మ.

అతను గొంతు సవరించుకుని, గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు. పుట్టబోయే బిడ్డకు తప్పనిసరి వస్తువులని వాళ్ల దుకాణం అచ్చేయించిన పట్టీ ఒకటుంది. నలభై రెండు వస్తువులు. చదువుతుంటే మధ్యలో అతనికే దాహమేసి ఆగాడు.

"మంచినీళ్లు తాగి చెప్పండి," అంది ఆపరేటరమ్మ. "నేను ప్రతిదానికీ రెండే ప్రశ్నలడుగుతాను. పెట్టినచోట ఉంటుందా? లేదంటే ఎక్కడుందో నాకు చెబుతుందా? రెండింటిలో ఒక్కటైనా అవునంటే చూద్దాం."

సేల్స్‌మన్‌కు ఇలాంటి గిరాకీ ఇంతవరకు తగల్లేదు. అయినా పాపం బుద్ధిగా ఒక్కోటీ తెచ్చాడు. తోసుకెళ్లే బండి తెచ్చి, మడత ఎలా పడుతుందో, చక్రాలు ఎంత తేలిగ్గా తిరుగుతాయో వర్ణించాడు.

"ముందు బండి, వెనక నేను, నా వెనక కర్ర. గుంట వస్తే ముందెవరికి తెలుస్తుంది?"

అతను ఆలోచించాడు. "బిడ్డకండి."

"అందుకే వద్దు."

కాళ్లున్న స్నానం తొట్టి వద్దంది, తన్నుకుంటే పడిపోతుంది. నేలకు అతుక్కుని కూర్చునే వెడల్పాటి బేసిన్ తీసుకుంది. గుండీల చొక్కాలు వద్దంది, ముందువైపు టిచ్‌బటన్లు ఉన్నవి ఆరు తీసుకుంది. తుడిచే గుడ్డలు నునుపువి, కింద కట్టేవి గళ్లు తేలినవి. వేళ్లకు తేడా తెలిస్తే చాలు, కంగారులో ఒకటనుకుని ఒకటి తియ్యదు. చిరుమువ్వలు కుట్టిన సాక్సులు చూసి మాత్రం ముఖం విప్పారింది. నడక వచ్చాక పనికొచ్చే సైజులో కూడా రెండు జతలు పెట్టమంది. మందు పట్టడానికి సూదిలేని సిరంజి ఒకటి తీసుకుంది; ఎంత మందుకు ఎక్కడ ఆగాలో వేలికి తెలిసేలా దాని కాడకు గాట్లు పెట్టుకుంటే సరిపోతుంది.

ఇంక మిగిలింది బిడ్డను ఒంటికి కట్టుకునే సంచి. అన్నిటికన్నా ముఖ్యం అదే, రెండు చేతులూ ఖాళీగా ఉంచేది అదొక్కటే. పొట్ట మీదుగా పట్టీలు వదులు చేసి కట్టుకుని, వీపు వెనక బకిల్ పెట్టింది, తీసింది. మళ్లీ పెట్టింది, తీసింది. ఆయమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. పదో పన్నెండోసారికి ఆపరేటరమ్మ సంచి ఒంటిమీంచి తీసి, బకిల్‌ను చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా నొక్కింది.

"ఇది సగం పట్టినా టక్కుమంటోంది. అబద్ధాలాడుతోంది. ఇంకోటివ్వండి."

సేల్స్‌మన్ నవ్వబోయి, తనూ నొక్కి చూశాడు. టక్కుమంది. చిన్నగా లాగాడు. ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని మళ్లీ అమ్మకం వరసలో పెట్టకుండా బల్ల కింద పడేసిన చప్పుడైంది. ఇంకో నాలుగు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మీరే చూసి చెప్పండమ్మా, ఏది మంచిదో," అన్నాడు. ఇప్పుడతని గొంతు మామూలు మనిషితో మాట్లాడే గొంతులా ఉంది.

నలభై రెండింటిలో పదకొండు తేలాయి. బేసిన్ పోను మిగతావన్నీ ఒక్క సంచిలో పట్టాయి. "ఇంతేనా?" అన్నాడు సేల్స్‌మన్ దిగులుగా. "నా ముగ్గురికీ కలిపి ఇందులో సగం లేవు," అంది ఆయమ్మ, సంచి చంకన పెట్టుకుంటూ. "మరి నిద్రపోవడానికో అమ్మాయ్? ఉయ్యాల?"

అక్కడే ఆపరేటరమ్మ తటపటాయించింది. దుకాణంలో ఉన్నవన్నీ చక్రాల మీదవే, లేదంటే ఊగేవి. పెట్టినచోట ఉండే ఉయ్యాల ఒక్కటీ లేదు. ముఖ్యమైన ప్రశ్న అలాగే మిగిలిపోయింది, బిడ్డ పడుకునేదెక్కడ?

ఇంటికి వచ్చి సామానంతా మంచం మీద పరిచింది. మొగుడు పనినుంచి వచ్చి పక్కన కూర్చుంటే ఒక్కొక్కటీ చేతికిచ్చి చెప్పింది. అతను మువ్వల సాక్సు చెవి దగ్గర ఆడించి చూశాడు. బకిల్ పెట్టి తీశాడు. సిరంజి జేబులో వేసుకున్నాడు. మాట మాత్రం లేదు. చివరికి మంచం పట్టె మీద జానలు వేసుకుంటూ ఒక కొసనుంచి ఇంకో కొసకు వెళ్లాడు.

"ఏంటది?"

"ఏం లేదు."

బుధవారం అతను పనికి వెళ్లలేదు. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందన్నాడు. స్నానాలగదిలో బకెట్టు నిండా పేము బద్దలు నానేసి ఉండటం ఆమె కాలికి తగిలి తెలిసింది. కార్ఖానా పని ఇంటికి తెచ్చుకున్నాడనుకుంది. అలిగాడని కూడా అనుకుంది. అలిగితే అలగనీ, బిడ్డను అక్కకిద్దామన్న మనిషి నాలుగు రోజులు అలిగితే తప్పేం లేదనుకుని ఆఫీసుకు వెళ్లిపోయింది. బోర్డు ముందు కూర్చుని ఊళ్లో వాళ్లందర్నీ ఒకరితో ఒకర్ని కలుపుతూనే ఉంది, తన ఇంట్లో ఇద్దరి మధ్య లైను కలపడం మాత్రం చేతకాలేదు.

గురువారం సాయంత్రం ఆమె తలుపు తీసేసరికి గదంతా తడి పేము వాసన. అతను నేలమీద కూర్చుని ఉన్నాడు. నిట్టూర్పు వినబడింది.

"నిన్నంతా అల్లిందంతా ఇవాళ పొద్దున్నే విప్పేశాను," అన్నాడు. రెండు రోజుల్లో అది మొదటి పూర్తి వాక్యం. "చేతులు వాటి అలవాటులో అవి అల్లుకుపోయాయి. కుర్చీ అయితే కూర్చున్నవాడి కింద మధ్యలో కాస్త దిగాలి, అదే హాయి. మూడు కిలోల బియ్యం మూట కట్టి పడుకోబెట్టి చూశా. మూట దొర్లి మధ్యలోకి ముడుచుకుపోయింది. బిడ్డయితే మెడ వాలిపోయేది. కింద చెక్క వేసి, బల్లపరుపుగా మళ్లీ అల్లాను. రా."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. ఆమె పడుకునే వైపు మంచానికి ఆనుకుని ఒక బుట్ట. మూడువైపులా మోచేతి ఎత్తు గోడలు, మంచం వైపు మాత్రం తెరుచుకుని, పరుపుతో సమానంగా. చెయ్యి చాపితే లోపలికి వెళ్లింది, ఎక్కడా మెట్టు లేదు, సందు లేదు. పేము కొసలన్నీ బయటివైపుకు మడిచి దోపేశాడు. లోపలంతా చెంప ఆనించి రాసి చూశానని, ఒక్క పేడు తగిలినా గాజుకాగితంతో తీసేశానని చెప్పాడు. ఆమె అతని చెంప తడిమితే సన్నని గీతలు తగిలాయి.

అంచు పట్టుకుని ఎత్తబోయింది. కదల్లేదు. రెండు చేతులతో లాగింది. మంచమే కిర్రుమంది.

"రాదు," అన్నాడు. "మంచం పట్టెకూ కోళ్లకూ కలిపి అల్లేశాను. అక్క ఇంటికి పంపాలంటే మంచాన్నీ పంపాలి, మంచంతో పాటు నిన్నూ పంపాలి."

ఆమెకు ఏడుపు వచ్చింది. ఆదివారం నుంచి ఆపుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది. అతను ఏమీ అనలేదు గానీ, ఈసారి ఆ ఊరుకోవడం ఆమెకు కోపం తెప్పించలేదు.

శనివారం పొద్దున వదిన దిగింది, ఆసుపత్రికి పట్టుకెళ్లే సంచి సర్దుతానని. వస్తూనే గదిలోకి నడిచింది. ఒక్కో వస్తువూ ఎత్తి చూస్తున్న చప్పుడు.

"ఇవన్నీ ఎందుకు కొన్నారు? ఈ సిరంజికి గాట్లెవరు పెట్టారు? ఇదేంటి, బుట్టా? బుట్టలోనా పడుకోబెట్టేది, నేనక్కడ అంత..." అంటూ అంచు పట్టుకుని లాగింది. మళ్లీ లాగింది. "మంచానికి అంటుకుపోయిందేమిట్రా ఇది!"

"అల్లానక్కా," అన్నాడు తమ్ముడు. "బిడ్డ ఇక్కడే పడుకుంటుంది."

"నాతో ఒప్పుకున్నావు!"

"ఒప్పుకోలేదు. ఊరుకున్నాను. తప్పే."

"వదినా," అంది ఆపరేటరమ్మ. గొంతు మారకుండా మాట్లాడే అలవాటు ఇప్పుడు ఎటుపోయిందో, మాట వణికింది. "మీరు పెట్టిన సామాను మంచిదే. మనసూ మంచిదే. కానీ నా బిడ్డకు ఏం కావాలో ఎవరన్నా నన్నడిగారా? ఎక్కడ పడుకోవాలో అడిగారా? పురుడు నాకు, గది మీ ఇంట్లో. నాకు చూపు లేదు గానీ పాలున్నాయి, చేతులున్నాయి, చెవులున్నాయి. నా బిడ్డను చూడటానికి నేను బస్సెక్కి రాను."

బళ్లో నలభైమందిని ఒక్క కేకతో కూర్చోబెట్టే మనిషి తనే మంచం మీద కూలబడింది.

"దొర్లితే?" అంది వదిన. గొంతులో పంతులమ్మ లేదు. "పక్కనే ఉండి కూడా మీ ఇద్దరికీ తెలియకపోతే? పడిపోతే?"

"నేను పడలా?" తమ్ముడు తల వంచి, జుట్టు పాయ తీసి చూపించాడు. "ఇదిగో, నాలుగు కుట్లు. అప్పుడు నన్ను చూసుకుంటున్నది నువ్వేగా. నీకు పదమూడేళ్లు, రెండు కళ్లూ దివ్యంగా ఉన్నాయి."

"జడ వేసుకుంటున్నానురా," అంది ఆవిడ. "అద్దంలో చూసుకుంటూ. ఒక్క నిమిషం. రిబ్బను ముడి వెయ్యలేదు, చప్పుడైంది. నీ నెత్తురు ఇంకా నా చేతుల మీదే ఉన్నట్టుంటుంది. అందుకే కదరా, దీని కడుపు పండిందని తెలిసిన రోజునుంచీ నాకు నిద్ర లేదు."

ఆవిడ ఏడ్చింది. పెద్దగా, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. ఆపరేటరమ్మకు గుండెల మీంచి బండ దించినట్టయింది. వారం రోజులుగా ఆ ఏడు సీసాల వెనక తన గుడ్డితనం మీద చిన్నచూపునే ఊహించుకుంది. అక్కడున్నది ముప్ఫయ్యేళ్ల నాటి భయం. చిన్నచూపుతో ఎలా పోట్లాడాలో ఆమెకు బాగా తెలుసు, భయంతో పోట్లాడక్కర్లేదు. తనకూ ఉన్నదే కదా. తడుముకుంటూ వెళ్లి పక్కన కూర్చుంది.

"ఇలా రండి వదినా, చెయ్యివ్వండి." ఆవిడ చేతిని పరుపు మీదనుంచి బుట్టలోకి జరిపించింది. "ఇక్కడ నేను. ఇక్కడ బిడ్డ. దొర్లితే ఇటే దొర్లాలి, నామీదకి. అటు మూడువైపులా గోడ."

వదిన చెయ్యి బుట్టలో నాలుగు మూలలకూ వెళ్లింది. అడుగున నొక్కింది. గోడల్ని కుదిపి చూసింది. పరీక్ష పేపరు దిద్దినట్టు, మార్కు ఎక్కడ తగ్గించాలా అని వెతికినట్టు చాలాసేపు చూసింది. ఎక్కడా దొరికినట్టు లేదు. పైట చెంగుతో ముఖం తుడుచుకుని లేచి నిలబడింది. గది ఈ గోడనుంచి ఆ గోడకు నాలుగడుగులు నడిచింది, తిరిగి నాలుగడుగులు వచ్చింది. మంచం, బుట్ట పోను గదిలో మిగిలింది బీరువా తలుపు తెరుచుకునేంత చోటే.

"అంతా బాగానే ఉందిరా," అంది కొంచెం నిష్ఠూరంగా. "మరి నేనెక్కడ పడుకోను?"

ఆపరేటరమ్మకు నవ్వొచ్చింది. ఆదివారం తర్వాత ఇదే మొదటిసారి. పొట్ట పట్టుకుని మరీ నవ్వింది.

"ముందుగదిలో వదినా. పిలిస్తే వినబడుతుంది."

"పిలిస్తేనే రావాలా?"

"పిలిస్తేనే."

"పిలవకపోతే?"

"పిలుస్తాను వదినా," అంది ఆమె, ఆవిడ చెయ్యి వదలకుండా. "మొదటి నెలంతా రోజుకు పదిసార్లు పిలుస్తాను."